హవాయిలో ఇంటికి తాళం ఎక్కడ వేయాలి

మన ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి వ్యవహారాలు తెలిసినవాళ్లకు వన్ సెవెంటీ చట్టం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి రాసిస్తే ఆ రాతే చెల్లదు. బినామీలు ఉన్నారు, గిరిజనుల పేరు మీద లాడ్జీలూ హోటళ్లూ కట్టినవాళ్లున్నారు. అయినా ఎవరు కొనొచ్చు, ఎవరు కొనకూడదు అన్న గీత ఒకటి చట్టంలో ఉంది. కోర్టుకు వెళ్తే దాన్ని చూపించవచ్చు.

హవాయిలో ఆ గీత గీయడానికి వీల్లేదు. కాలిఫోర్నియా మనిషి వచ్చి మావీ దీవిలో ఇల్లు కొంటానంటే, "నువ్వు ఇక్కడివాడివి కాదు" అని హవాయి ప్రభుత్వం అనలేదు. ఒక రాష్ట్రం వేరే రాష్ట్రాల పౌరులను ఆస్తి కొనకుండా ఆపడాన్ని అమెరికా రాజ్యాంగం ఒప్పుకోదు. మావీలో విడి ఇంటి మధ్యస్థ ధర 10 లక్షల డాలర్లు దాటి కొన్నేళ్లయింది. హోటల్లో పక్కలు సర్దే మనిషికీ, సియాటిల్ నుంచి నగదుతో దిగిన మనిషికీ ధర ఒకటే. 2020 జనాభా లెక్కల్లో స్థానిక హవాయియన్లలో, అంటే ఆ దీవుల ఆదివాసుల్లో, సగానికి మించి హవాయి బయటే ఉన్నట్టు తేలింది. లాస్ వెగాస్‌కు ఎంతమంది తరలిపోయారంటే, దాన్ని అక్కడివాళ్లు 'తొమ్మిదో ద్వీపం' అని పిలుచుకుంటారు.

మనిషిని బట్టి ఆపలేనప్పుడు ప్రభుత్వానికి మిగిలేవి మూడు. ఇంటిని దేనికి వాడుతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు, దాని కింద నేల ఎవరిది. హవాయిలో గత నూరేళ్లలో చేసిన ప్రయత్నాలన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదానికి తాళం వేసినవే. నేను ప్రతి పథకాన్నీ ఒకే ప్రశ్న వేసి చూస్తాను: ఇల్లు చేతులు మారే రోజున ఏ కాగితం అడ్డు నిలబడుతుంది? కట్టిన ఇళ్ల సంఖ్య, కోసిన రిబ్బన్ల సంఖ్య దాని తర్వాతే.

ముందు వాడకం సంగతి, ఇప్పుడు గొడవంతా దాని మీదే కాబట్టి.

మావీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అపార్ట్‌మెంట్ జోన్లు గీసింది ఊళ్లో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కాపురం ఉండటానికి. అయితే 1989 ఏప్రిల్ 20కి ముందు అనుమతి పొందిన భవనాల్లో పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే వెసులుబాటు మిగిలిపోయింది. 2001లో కౌంటీ న్యాయవాది రిచర్డ్ మినతోయ రాసిన అభిప్రాయం దాన్ని ఖాయపరిచింది. అప్పటి నుంచి ఆ భవనాల పట్టికకు మినతోయ జాబితా అన్న పేరు స్థిరపడింది. అందులో సుమారు 7,000 కండోలు, అంటే విడివిడిగా సొంతమయ్యే ఫ్లాట్లు, ఉన్నాయి, యజమానుల్లో ఎక్కువమంది హవాయి బయట ఉండేవాళ్లే. అందులో ఒక కండో రాత్రికి 300 డాలర్లు తెస్తుంటే, నెలకు 2,500 ఇచ్చే స్థానిక కుటుంబాన్ని యజమాని ఎందుకు పెట్టుకుంటాడు? పది రాత్రులు నిండితే ఆ నెల అద్దెకు మించి వచ్చేస్తుంది.

మరి కౌంటీలు ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నాయి? ఊరుకోలేదు, ఓడిపోయాయి. 2022లో హొనలులు నగరం రిసార్టు ప్రాంతాల బయట కనీస అద్దె గడువును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచింది. అదే ఏడాది అక్టోబరులో ఫెడరల్ కోర్టు, అప్పటికే 30 నుంచి 89 రోజులకు అద్దెకిస్తున్నవారి మీద ఆ నిబంధన అమలు చేయవద్దని ఆపేసింది. చిక్కు రాష్ట్ర చట్టంలోనే ఉంది. చట్టబద్ధంగా సాగుతున్న నివాస వాడకాన్ని కౌంటీ తన జోనింగ్ మార్పుతో రద్దు చేయకూడదని అందులో రాసి ఉంది. నెల రోజులకు అద్దెకివ్వడం కూడా నివాస వాడకమేనని యజమానులు వాదించారు, వాదన నిలిచింది. కౌంటీ స్థాయిలో ఎంత గట్టి నిబంధన రాసినా, పైనున్న చట్టం కింద చిల్లు ఉంటే అది ఆగదు.

అందుకే 2024లో రాష్ట్ర శాసనసభ ముందు ఆ చిల్లు పూడ్చింది. స్వల్పకాలిక అద్దెలను ఏ జోన్‌లోనైనా దశలవారీగా ఎత్తేసే అధికారం కౌంటీలకు ఇస్తూ చేసిన చట్టంపై గవర్నర్ జాష్ గ్రీన్ మే 3న సంతకం పెట్టారు. దానికి ఒక రోజు ముందే మావీ మేయర్ రిచర్డ్ బిస్సెన్ మినతోయ జాబితాను ఎత్తేస్తామని ప్రకటించారు. అక్కడి నుంచి ప్లానింగ్ కమిషన్లు, కౌన్సిల్ కమిటీ, రోజుల తరబడి సాక్ష్యాలు దాటి 'బిల్ 9' నెగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. మేయర్ సంతకం పడింది 2025 డిసెంబరు 15న. పడమటి మావీలో 2029 ఆరంభం నుంచి, కౌంటీలో మిగతా చోట్ల 2031 ఆరంభం నుంచి అపార్ట్‌మెంట్ జోన్లలో పర్యాటక అద్దెలు ఉండకూడదు.

ఇంత గడువు ఎందుకని చాలామందికి కోపం. ఆ గడువే చట్టానికి కవచం. ప్రభుత్వం ఉన్నపళంగా వాడకాన్ని ఆపితే, పరిహారం ఇవ్వకుండా ఆస్తిని లాక్కున్నట్టేనని యజమాని రాజ్యాంగం చూపిస్తాడు. పెట్టిన పెట్టుబడి తిరిగి రాబట్టుకునేంత కాలం ఇచ్చామని ప్రభుత్వం చూపించగలిగితే ఆ వాదన పలచబడుతుంది. కేసులు ఎలాగూ తప్పవు. గడువు లేని చట్టం మొదటి వాయిదాలోనే పడిపోయేది.

ఇక దీనివల్ల ఏం జరుగుతుంది? హవాయి విశ్వవిద్యాలయ ఆర్థిక పరిశోధన సంస్థ 2025లో లెక్క కట్టింది. ప్రభావం పడేది 6,127 కండోల మీద. అవన్నీ నివాసాలుగా మారితే మావీ నివాస గృహాలు 13 శాతం పెరిగినట్టు. కండో ధరలు 20 నుంచి 40 శాతం దాకా పడొచ్చు. పర్యాటకులు తగ్గడం వల్ల సుమారు 1,900 ఉద్యోగాలు పోవచ్చు. రెండు వైపులవాళ్లూ ఇదే నివేదిక పట్టుకుని, తమకు కావలసిన అంకె మాత్రమే చదువుతున్నారు.

ఆ నివేదికలో లేని ఒక చిన్న లెక్క ఇక్కడ వేస్తాను, అసలు ఇబ్బంది అందులో తెలుస్తుంది. 6 లక్షల డాలర్ల కండో అనుకుందాం. 20 శాతం ముందు కట్టి, మిగతా 4.8 లక్షలు 7 శాతం వడ్డీకి 30 ఏళ్ల అప్పు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 3,190 డాలర్లు. భవన సంఘానికి నెలనెలా కట్టే మెయింటెనెన్స్ 1,300 అనుకోండి, 1970లలో కట్టిన సముద్రతీరపు భవనాల్లో ఇది ఎక్కువేమీ కాదు. మొత్తం 4,490. ఇప్పుడు ధర 30 శాతం పడి 4.2 లక్షలకు వచ్చింది. కిస్తీ 2,235కి దిగింది, మెయింటెనెన్స్ మాత్రం అదే 1,300. మొత్తం 3,535. ధర 30 శాతం తగ్గితే కుటుంబం మీద నెల భారం తగ్గింది 21 శాతమే. పైగా పాత పైపులు మార్చాలన్నా, తుఫాను బీమా ప్రీమియం పెరిగినా సంఘం ఒక్కసారిగా ప్రత్యేక వసూలు వేస్తుంది. పర్యాటక ఆదాయం ఉన్న యజమాని దాన్ని తట్టుకుంటాడు. జీతం మీద బతికే కుటుంబం ఆ నోటీసు అందుకున్న నెలలోనే అమ్మకానికి పెడుతుంది.

ఇంకా చాలా కండోలు ఒంటి గది స్టూడియోలు. పర్యాటకుడికి ఒక అద్దె కారు చాలు, ఇద్దరు పనికి వెళ్లే ఇంటికి రెండు కావాలి. సామాన్లు పెట్టుకునే కొట్టు ఉండదు. తీరాన్ని సముద్రం కోసేస్తున్న చోట కట్టిన భవనాలూ ఉన్నాయి. ఇలాంటివాటికి, రిసార్టుల మధ్యలో ఉన్నవాటికి కొత్త హోటల్ జోన్లు సృష్టించి మినహాయింపు ఇవ్వాలని కౌన్సిల్ బృందం ఒకటి సూచించింది, సుమారు 4,500 కండోలు ఆ దారిలో తప్పించుకునే వీలుంది. కొన్ని భవనాల విషయంలో అది న్యాయమే. కానీ భవనం గుణం చూసి ఇవ్వాల్సిన మినహాయింపు యజమానుల ఒత్తిడికి ఇచ్చినదైతే, 13 శాతం కాస్తా మూడు నాలుగు శాతానికి కరిగిపోతుంది. రాబోయే రెండేళ్లలో మావీ వార్తలు చూసేవాళ్లు బిల్ 9 పేరు కాదు, ఈ జోన్ మార్పుల పట్టిక చూడాలి.

మరో గండి కూడా ఉంది. పర్యాటకులకు ఇవ్వకూడదు అన్నంత మాత్రాన, స్థానికులకు ఇవ్వాలని ఎవరూ నిర్బంధించలేరు. యజమాని తాళం వేసుకుని ఏడాదిలో మూడు వారాలు వచ్చి ఉండొచ్చు. దీనికి మావీ పన్నును వాడుతోంది. యజమాని తానే కాపురముంటే తక్కువ రేటు. పన్నెండు నెలలకు తగ్గని లీజుతో అద్దెకిస్తే దానికో తక్కువ రేటు. ఖాళీగా ఉంచినా, సెలవుల ఇల్లుగా పెట్టుకున్నా ఎక్కువ రేటు. ప్రతి ఏటా బడ్జెట్ సమయంలో కౌన్సిల్ ఈ రేట్లు మార్చగలదు కాబట్టి ఇది చురుకైన ఆయుధం. అయితే ఏటా ఒకసారి కట్టే పన్ను చూసి బెదిరేవాడు వేరు, కోటీశ్వరుడు వేరు. దొంగచాటు అద్దెలకు జరిమానా మాత్రం గట్టిదే. 2018లో ఓటర్లు కౌంటీ మూల శాసనమైన చార్టర్‌ను సవరించి దాన్ని 20,000 డాలర్ల వరకూ, ఆపకపోతే రోజుకు మరో 10,000 వరకూ పెంచారు.

ధర మీద వేసిన తాళాల గురించి త్వరగా చెబుతాను, వాటి కథ దాదాపు అన్ని చోట్లా ఒకటే. 2006లో మావీ కౌంటీ, కొత్తగా ఇళ్లు కట్టే బిల్డర్లు అందులో 40 నుంచి 50 శాతం దాకా స్థానిక ఉద్యోగులకు అందే ధరలో ఇవ్వాలని శాసించింది. వినడానికి బాగుంది. కానీ సగం ఇళ్ల నష్టాన్ని మిగతా సగం మీద రాబట్టలేక బిల్డర్లు కట్టడమే మానేశారు. 2014లో ఆ వాటాను 25 శాతానికి దించారు. ఎవరూ కట్టని ఇంట్లో 50 శాతం అంటే సున్నాయే కదా.

కట్టినవాటికి వచ్చే జబ్బు గడువు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా తక్కువ ధరకు కొన్న ఇంటిని మొదటి 10 ఏళ్లలో అమ్మాలంటే ముందు సంస్థకే ఇవ్వాలి. పదేళ్లు నిండాక ఆ షరతు పోతుంది. మొదటి కుటుంబానికి మేలు జరిగింది, రెండో కుటుంబం మళ్లీ 10 లక్షల డాలర్ల ముందు నిలబడుతుంది. అద్దె ఇళ్లలో ఇదే ఇంకా ఘోరంగా కనపడింది. పడమటి మావీలోని లహైనా పట్టణంలో ఫ్రంట్ స్ట్రీట్ అపార్ట్‌మెంట్స్ అని 142 ఇళ్లు, పన్ను రాయితీలతో 2001లో కట్టినవి. దశాబ్దాల పాటు అద్దెలు అందుబాటులో ఉంచాలన్న షరతు ఉన్నా, ఫెడరల్ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. పదిహేనేళ్లు దాటే వేళకు యజమాని అమ్మకానికి పెట్టి, నిర్ణీత సూత్రం ప్రకారం లెక్కగట్టిన ధరకు కొనేవాడిని రాష్ట్రం ఏడాదిలోగా తేలేకపోతే షరతు ఎగిరిపోతుంది. యజమాని ఆ దారి పట్టాడు. రాష్ట్రం 2018లో ప్రత్యేక చట్టం చేసి, కోర్టుల చుట్టూ తిరిగి, ఆ ఇళ్లలోనివారిని నిలబెట్టడానికి ఏళ్ల తరబడి నానా తంటాలు పడింది. మొదటి ఒప్పందంలో ఈ వెసులుబాటును వదులుకుంటున్నట్టు ఒక్క వాక్యం యజమాని చేత రాయించి ఉంటే అదంతా తప్పేది. ఇప్పుడు చాలా రాష్ట్రాలు ఆ వాక్యం రాయించుకున్నాకే రాయితీ ఇస్తున్నాయి. 2023లో లహైనాను తగలబెట్టిన మంటల్లో ఆ భవనాలు కాలిపోయాయి.

అసలు ఏ తాళమూ లేకుండా నేల ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా హవాయి చూసింది. 1960లలో ఒవాహు దీవిలో పూర్తి హక్కు ఉన్న భూమిలో 72.5 శాతం 22 మంది భూస్వాముల చేతిలో ఉండేది. జనం ఇల్లు తమదై, నేల అద్దెదై బతికేవారు. 1967 భూసంస్కరణల చట్టం, లీజుదారులు అడిగితే రాష్ట్రం భూస్వామి నుంచి నేల సేకరించి వాళ్లకే అమ్మే వీలు కల్పించింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. న్యాయమైన చట్టమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నేల చేతికొచ్చాక తిరిగి ఎవరికి అమ్మాలన్న షరతు అందులో లేదు. 1980ల చివర్లో జపాన్ పెట్టుబడులు హొనలులు మీద వెల్లువెత్తినప్పుడు ఆ నేల కూడా అందరి నేలలాగే బజారు ధరకు చేతులు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూములు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మకానికి రాదు. 2023లో చేసిన సవరణతో, ఇచ్చిన 20 ఏళ్ల తర్వాత అమ్ముకునే హక్కు వచ్చింది. అమ్ముకునే హక్కు ఆ కుటుంబానికి నిజంగా లాభమే. ఆ ఊళ్లో భూమిలేని తర్వాతి కుటుంబానికి మాత్రం ఆ భూమి ఇక లేనట్టే. ఈ రెండూ ఒకేసారి నిజం, అందుకే ఈ విషయం మీద తేలికగా తీర్పులు చెప్పేవాళ్లంటే నాకు నమ్మకం తక్కువ.

2023 ఆగస్టు 8న లహైనా తగలబడింది. 102 మంది చనిపోయారు, 2,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. బూడిద చల్లారకముందే ఇళ్ల స్థలాలు కొంటామని ఫోన్లు మొదలయ్యాయి. గవర్నర్ అత్యవసర ప్రకటనల ద్వారా, అడగకుండా కొనుగోలు ప్రతిపాదన తెచ్చేవారి మీద ఆ ప్రాంతంలో నిషేధం పెట్టారు. అమ్మకాన్ని ఆపలేని ప్రభుత్వం బేరానికి పిలిచే నోటిని మూసింది. చిన్న పనే అయినా తెలివైన పని, ఇంకే దీవిలోనైనా తుఫానో మంటలో వచ్చిన మర్నాడే చేయదగ్గది. అదే సమయంలో మరో చేత్తో నష్టమూ జరిగింది. ఫెడరల్ విపత్తు సంస్థ బాధితుల కోసం బజారు కంటే చాలా ఎక్కువ అద్దెలిచ్చి ఇళ్లు తీసుకుంది. అది చూసి కొందరు యజమానులు ఉన్న అద్దెదారులను ఖాళీ చేయించడానికి దారులు వెతికారు. అద్దె పెంపు మీద, ఖాళీ చేయించడం మీద అప్పట్లో నిషేధం పెట్టారు. కానీ యజమాని కుటుంబమే కాపురానికి వస్తే మినహాయింపు, ఆ మినహాయింపులోంచే ఇళ్లు జారిపోయాయి. మంటలు తాకని కుటుంబాలు మంటల పేరు మీద వీధిన పడ్డాయి.

ఈ మంటల తర్వాతే లహైనాలో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ పుట్టింది. మావీలో ఈ పద్ధతి 2006 నుంచే 'నా హాలె ఓ మావీ' అనే సంస్థ నడుపుతోంది. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ట్రస్టు ఇంటిని నేలతో సహా కొంటుంది. తర్వాత ఇంటిని మాత్రమే కుటుంబానికి అమ్ముతుంది. నేలను 99 ఏళ్ల లీజుకి, నామమాత్రపు నెల అద్దెకు ఇస్తుంది. ఆ లీజు కాగితంలోనే మూడు షరతులుంటాయి: ఇంట్లో మీరే ఉండాలి, అమ్మేటప్పుడు ముందు ట్రస్టుకే చెప్పాలి, ధర సూత్రం ప్రకారమే ఉండాలి.

సూత్రం ఎలా పనిచేస్తుందో ఊహాలెక్క ఒకటి. నేలతో కలిపి 9 లక్షల విలువైన ఇంటిని కుటుంబం 4 లక్షలకు కొంది. పదేళ్లకు విలువ 12 లక్షలైంది, పెరుగుదల 3 లక్షలు. సూత్రం 25 శాతం వాటా ఇస్తే కుటుంబానికి వచ్చేది 75,000, దానిపై ఇన్నాళ్లూ తీర్చిన అప్పు అసలు కూడా వాళ్లదే. తర్వాతి కుటుంబం 12 లక్షలకు కాకుండా 4.75 లక్షలకు కొంటుంది. ఒక్కసారి పెట్టిన 5 లక్షల సాయం మూడో కుటుంబానికీ నాలుగో కుటుంబానికీ పనిచేస్తూనే ఉంటుంది.

చెడిపోయే చోట్లు కూడా చెప్పాలి. వాటా శాతం మరీ తక్కువ పెడితే కుటుంబం వెళ్లేటప్పుడు చేతిలో ఏమీ మిగలక కోపంతో కోర్టుకెక్కుతుంది. ఎక్కువ పెడితే ఇరవై ఏళ్లలో ఇల్లు స్థానిక జీతాలకు అందకుండా పోతుంది. పన్ను అధికారి బజారు విలువ మీద పన్ను వేస్తే చవక ఇల్లు ఖరీదైన పన్ను మోస్తుంది, కాబట్టి షరతుల ధరనే లెక్కలోకి తీసుకునేలా కౌంటీతో ముందే రాయించుకోవాలి. అన్నిటికంటే ప్రమాదం అప్పు ఎగ్గొట్టినప్పుడు. బ్యాంకు ఇల్లు జప్తు చేస్తే తిరిగి అమ్మే షరతులన్నీ రద్దయ్యేలా అప్పు పత్రాల్లో సాధారణంగా రాసి ఉంటుంది, లేకపోతే బ్యాంకు అప్పే ఇవ్వదు. కాబట్టి కిస్తీ తప్పిన వెంటనే ట్రస్టుకు నోటీసు రావాలి, బాకీ కట్టి ఇల్లు నిలుపుకునే హక్కు ట్రస్టుకు ఉండాలి, దానికి చేతిలో నగదు ఉండాలి. నగదు లేని ట్రస్టు చేతిలో లీజు ఎంత బాగా రాసి ఉన్నా ఇల్లు పోతుంది.

ఇక చివరిది, అన్నిటికంటే పాతది. మనిషిని బట్టి గీత గీసిన ఒకే ఒక్క చట్టం, అదీ హవాయి రాష్ట్రం కాకముందు అమెరికా కాంగ్రెస్ చేసింది. 1921 నాటి హవాయియన్ హోమ్స్ కమిషన్ చట్టం. హవాయి తరఫున కాంగ్రెస్‌లో ప్రతినిధిగా ఉన్న రాజకుమారుడు కుహియో పట్టుబట్టి సాధించిన ఈ చట్టం సుమారు 2 లక్షల ఎకరాలను స్థానిక హవాయియన్ల కోసం పక్కన పెట్టింది. ఏడాదికి 1 డాలరు అద్దెకు 99 ఏళ్ల లీజు, పొడిగింపుతో మొత్తం 199 ఏళ్ల దాకా. మొదటి ఊరు 1922లో మొలొకాయి దీవిలో వెలిసింది. ఈ లీజును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఈ భూములను చూసే హవాయియన్ హోమ్ ల్యాండ్స్ శాఖ అనుమతి కావాలి. బదిలీ చేస్తే అర్హుడైన మరో హవాయియన్‌కే చేయాలి. కోర్టు డిక్రీ తెచ్చినా దీన్ని వేలం వేయలేరు. వందేళ్ల పర్యాటకం, రియల్ ఎస్టేటు మధ్యలో ఈ ఊళ్లు చెక్కుచెదరలేదంటే ఆ ఒక్క నిబంధన వల్లే. లహైనా కొండ పక్కన ఉన్న ఇలాంటి కాలనీలో ఇళ్లు దాదాపు అన్నీ మంటల నుంచి కూడా మిగిలాయి.

అయితే లోపలికి వెళ్లడమే కష్టం. దరఖాస్తుదారుడు కనీసం సగం హవాయి రక్తం ఉందని రుజువు చేయాలి. తన జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులవి, తాత అవ్వలవి వెతికి పట్టుకోవాలి. అవి చాలకపోతే పాత జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు తిరగేయాలి. దత్తత పోయినవారి విషయంలో, తండ్రి పేరు రాయని పత్రాల విషయంలో ఇదే ఏళ్లు తినేస్తుంది. ఆ తర్వాత దీవిని బట్టి, ఇల్లా వ్యవసాయమా పశువుల మేతా అన్నదాన్ని బట్టి వేర్వేరు జాబితాలు, తేదీ వరసలో. ఇవాళ సుమారు 10,000 లీజులు ఉంటే, ఎదురుచూసేవాళ్లు 29,000 మంది దాకా ఉన్నారు. వేచి వేచి చనిపోయినవాళ్లు 2,000కు పైనే.

ఆలస్యానికి మూలం 1921లోనే ఉంది. చెరకు సాగులో ఉన్న మంచి భూములను చట్టం వదిలేసింది. దక్కింది ఎండు నేల, లావా రాళ్లు, ఊరికి దూరం. ఒక్కో స్థలానికి రోడ్డు, నీళ్లు, మురుగు పైపు, కరెంటు తేవాలంటే ఇంటి ఖర్చుతో సమానంగా అవుతుంది. దరఖాస్తులు ఎక్కువున్న ఒవాహులోనే శాఖ భూమి తక్కువ. 1959 తర్వాత నిర్వహణ రాష్ట్రం చేతికొచ్చినా డబ్బు సరిగా ఇవ్వలేదు. ఆ నిర్లక్ష్యంపై లబ్ధిదారులు 1999లో వేసిన దావాను రాష్ట్రం 2022లో 32.8 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. అదే ఏడాది శాసనసభ ఈ శాఖకు ఒకేసారి 60 కోట్ల డాలర్లు కేటాయించింది, చరిత్రలో ఎన్నడూ లేనంత.

డబ్బొచ్చినా ఇంకో చోట తెగుతుంది. జాబితాలో ముందున్నవాడు ముప్పై ఏళ్ల కింద దరఖాస్తు పెట్టినవాడు. ఇప్పుడు అతడు పింఛను మీద ఉన్నాడు. కట్టిన ఇల్లు ఇస్తామని ఉత్తరం వస్తుంది, బ్యాంకు అప్పుకు అర్హత పత్రం తెమ్మంటారు. అది రాదు, అతణ్ని దాటి తర్వాతివాడికి ఇల్లు వెళ్తుంది. నేలను జప్తు చేయలేరు కాబట్టి మామూలు బ్యాంకులు ముందుకు రావు, ఫెడరల్ గ్యారంటీ ఉన్న అప్పులే దిక్కు. అందుకే ఖాళీ స్థలం ఇచ్చి సొంతంగా కట్టుకోనివ్వడం, ముందు అద్దెకిచ్చి తర్వాత కొనుక్కునే వీలివ్వడం, వృద్ధులకు విడిగా అద్దె ఇళ్లు కట్టడం వంటివి శాఖ మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో ఇవే ముందు పెరగాలి. అప్పు పుట్టేవాడి కోసమే కట్టిన కాలనీ, జాబితా తలలో ఉన్నవాడికి ఎప్పటికీ దక్కదు.

ఇక వారసత్వం. లీజుదారుడు చనిపోతే భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు, మనవలకు లీజు రావచ్చు, వాళ్లలో కనీసం పావు వంతు హవాయి రక్తం ఉంటే. మూడు నాలుగు తరాల్లో ఇతరులతో పెళ్లిళ్లయిన కుటుంబాల్లో ఆ పావు వంతు ఇప్పుడు కరిగిపోతోంది. కుహియో మొదట అడిగింది 32లో ఒక వంతు. చక్కెర కంపెనీల ఒత్తిడి మధ్య సాగిన బేరంలో అది సగం దగ్గర తేలింది. 2017లో హవాయి శాసనసభ వారసులకు మాత్రం ఆ 32లో ఒక వంతు సరిపోతుందని చట్టం చేసింది. ఇలాంటి మార్పుకు అమెరికా కాంగ్రెస్ అనుమతి కావాలి, అది ఇప్పటికీ రాలేదు. ఈలోపు అర్హుడైన వారసుడు లేని ఇంట్లో లీజుదారుడు కన్నుమూస్తే, శాఖ మనుషులు వచ్చి ఇంటి కట్టడానికి విలువ కడతారు. ఆ సొమ్ము కుటుంబానికి చెల్లిస్తారు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనవరాలు సామాను సర్దుకుంటుంది, స్థలం జాబితాలో తర్వాతి పేరుకు వెళ్తుంది.